ఇంటి స్టూడియోకి క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్స్: పక్కపక్కన పెట్టి పోల్చే పద్ధతి

నెల్లూరులోనో, ఒంగోల్లోనో, కావలిలోనో ఇంట్లో ఒక గది సర్దుకుని చర్చి పాటలు రికార్డు చేసేవాళ్లు, షార్ట్ ఫిల్ములకి డబ్బింగ్ చెప్పేవాళ్లు, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. అలాంటి గదిలో స్పీకర్ల కన్నా ముందు కొనాల్సినవి మంచి క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్సే, అంటే కప్పుల వెనక వైపు మూసి ఉండేవి. ఖాళీ గోడల మధ్య ఎంత ఖరీదైన స్పీకరైనా మోత మోతగానే వినిపిస్తుంది. పైగా మైకు ముందు పాడేటప్పుడు స్పీకరు ఎలాగూ పనికిరాదు.

చిక్కల్లా రెండు మూడు మోడల్స్ ఒకేచోట పెట్టి వినడం దగ్గరే. చెన్నై రిచీ స్ట్రీట్ దాకా వెళ్లినా షాపు గోలలో ఐదు నిమిషాలు తలకి తగిలించుకుని తేల్చేది ఏమీ ఉండదు. తెలిసినవాళ్ల దగ్గర ఒకటి, పక్క స్టూడియోలో ఒకటి అడిగి తెచ్చుకుని, మీ గదిలో, మీరు వాడే ఇంటర్‌ఫేస్ (మైకునీ హెడ్‌ఫోన్స్‌నీ కంప్యూటరుకి కలిపే డబ్బా) మీదే ఒక పూట కూర్చుని పోల్చండి. ఒక సంగతి మాత్రం మొదటే మనసులో పెట్టుకోవాలి. క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్స్‌లో సౌకర్యం ఒకటి, శబ్దం మరొకటి అని రెండు లెక్కలు ఉండవు. ప్యాడ్ మీ చెవి చుట్టూ సరిగ్గా కూర్చుంటేనే ఆ మోడల్ అసలు శబ్దం మీకు వినిపిస్తుంది.

ముందు ప్యాడ్ కుదరాలి

కప్పుకీ చెవికీ మధ్య ఉన్న కొద్దిపాటి గాలిని డ్రైవరు (కప్పులోని చిన్న స్పీకరు) నొక్కడం, వదలడం వల్లే బేస్ పుడుతుంది. ఎక్కడైనా సందు ఉంటే ఆ ఒత్తిడి అందులోంచి జారిపోతుంది. 1000 హెర్ట్జ్ దగ్గర పెద్ద తేడా తెలియదు గానీ, 100 హెర్ట్జ్ కింద మాత్రం సందును బట్టి ఐదారు డెసిబెల్స్ నుంచి పది పైదాకా పడిపోతుంది. ఒకే మోడల్‌ని ఒకరు బేస్ ఎక్కువ అనడానికి, ఇంకొకరు అసలు బేసే లేదనడానికి చాలాసార్లు కారణం ఇదే.

పరీక్ష తేలిక. ఫోన్లో ఏదైనా టోన్ జనరేటర్ యాప్ పెట్టి 50 హెర్ట్జ్ టోను తక్కువ వాల్యూములో ప్లే చేయండి. రెండు అరచేతులతో కప్పుల్ని మెల్లగా లోపలికి అదమండి. అదిమినప్పుడు శబ్దం కొంచెం పెరిగితే పట్టించుకోనక్కర్లేదు. ఒక్కసారిగా నిండుగా మారితే మాత్రం సందు ఉన్నట్టే. కళ్లద్దాలుంటే తీసి మళ్లీ వినండి. ఈ సందుకి ఎక్కువసార్లు కారణం కళ్లద్దాల కాడే, అందులోనూ లావు ప్లాస్టిక్ కాడ. తర్వాత చెవి ముందుకు పడే జుట్టు. జడ వేసుకునేవాళ్లు పిన్నులు ప్యాడ్ కిందకి రాకుండా చూసుకోవాలి. జూకాలు, పెద్ద కమ్మలు తీసేసే వినాలి. కింది అంచు దగ్గర, అంటే చెవి తమ్మె వెనక పల్లంలో సందు ఉంటే హెడ్‌బ్యాండ్‌ని ఒక్కో మెట్టు పొడుగు చేస్తూ పోండి. చాలామందికి రెండు మెట్లలో సరిపోతుంది.

ఎన్ని చేసినా సందు పోని మోడల్‌ని, పేరు ఎంత పెద్దదైనా, ఆ దశలోనే పక్కన పెట్టేయండి. మీరు రోజూ పెట్టుకునే కళ్లద్దాలతో కుదరనిది మీకు మానిటర్‌గా, అంటే రికార్డింగుని ఉన్నదున్నట్టు విని సరిచూసుకోవడానికి, పనికిరాదు.

సోర్సు సంగతి

పోలిక అంతా వైరు మీదే జరగాలి, బ్లూటూత్ వద్దు. ఫోన్లో డాల్బీ, ఈక్వలైజర్ లాంటివి, విండోస్ సౌండ్ సెట్టింగుల్లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్, అన్నీ ఆపేయండి. 3.5 మిల్లీమీటర్ల జాక్‌కి 6.35 అడాప్టర్ తగిలించాల్సి వస్తే మరలాగా తిప్పి బిగించే రకమే వాడండి. వదులు అడాప్టర్లో ఒక వైపు శబ్దం పోవడం, గ్రౌండ్ సరిగ్గా అంటక గొంతు సన్నబడి దూరంగా వినిపించడం మామూలు. ఆ తప్పు హెడ్‌ఫోన్స్ మీదకి తోసేస్తారు.

తరవాత ఇంపీడెన్స్, అంటే కరెంటుకి అడ్డుపడే నిరోధం. దీన్ని ఓమ్స్‌లో కొలుస్తారు. హెడ్‌ఫోన్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ హెడ్‌ఫోన్స్ ఇంపీడెన్స్‌లో ఎనిమిదో వంతుకి మించకపోతే మంచిది. 32 ఓమ్స్ హెడ్‌ఫోన్స్‌కి 4 ఓమ్స్ లోపు అన్నమాట. అంతకన్నా ఎక్కువైతే కొన్ని మోడల్స్‌లో బేస్ ఉబ్బుతుంది, కొన్నింటిలో ఏమీ కాదు. అంటే మీ ఇంటర్‌ఫేసే పోలికని తారుమారు చేస్తుంది. మాన్యువల్‌లో ఈ అంకె లేకపోతే మల్టీమీటరుతో కొలవచ్చు. 100 హెర్ట్జ్ టోను చిన్న వాల్యూములో పెట్టి, ఏమీ తగిలించకుండా ఒక ఛానెల్లో ఏసీ వోల్టేజి చూడండి. తర్వాత అదే ఛానెల్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 33 ఓమ్స్ రెసిస్టర్ పెట్టి మళ్లీ చూడండి. మొదటి అంకెని రెండో అంకెతో భాగించి, ఒకటి తీసేసి, 33తో గుణిస్తే మీకు కావలసింది వస్తుంది. మొదట 0.300 వోల్టులు, తర్వాత 0.250 వోల్టులు ఉంటే 6.6 ఓమ్స్. 38 ఓమ్స్ మోడల్‌కి ఇది కాస్త ఎక్కువే, 63 ఓమ్స్‌కి పరవాలేదు.

వాల్యూము చాలుతుందా అన్నదీ ఇక్కడే తేల్చుకోవాలి. కంపెనీలు చెప్పే సెన్సిటివిటీని (ఇంత పవరుకి ఎంత శబ్దం వస్తుందనే అంకెని) బట్టి లెక్కేస్తే, 110 డెసిబెల్స్ శిఖరాన్ని అందుకోవడానికి సోనీ ఎండీఆర్-7506కి సుమారు 0.4 వోల్టులు చాలు. ఆడియో టెక్నికా ఏటీహెచ్-ఎం50ఎక్స్‌కి 0.7, బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో 80 ఓమ్స్‌కి 1.4, అదే మోడల్ 250 ఓమ్స్‌కి 2.5 వోల్టులు కావాలి. ఫోనుకి తగిలించే చిన్న డాంగిల్ సాధారణంగా ఒక వోల్టు దాటదు. కాబట్టి 250 ఓమ్స్ మోడల్‌ని ఫోన్ మీద విని "దీంట్లో పస లేదు" అంటే ఆ మాట చెల్లదు.

వాల్యూము సమం చేయకపోతే పోలికే లేదు

ఒకే శబ్దాన్ని రెండుసార్లు వినిపించి, రెండోసారి ఒక డెసిబెల్ పెంచితే మనకి రెండోదే స్పష్టంగా, నిండుగా ఉన్నట్టు తోస్తుంది. అదే నాబు మీద, అదే స్థానంలో సోనీ 7506కీ డీటీ 770 ప్రో 250 ఓమ్స్‌కీ మధ్య తేడా సుమారు 16 డెసిబెల్స్. అందుకే ఒకటి తీసి ఇంకొకటి తగిలించి "ఇది బాగుంది" అనుకున్నవాళ్లలో ఎక్కువమంది చెప్పింది వాల్యూము గురించే.

చెప్పుల డబ్బా మూత లాంటి దళసరి అట్ట ఒకటి తీసుకోండి. మధ్యలో ఫోన్ మైకు పట్టేంత చిన్న రంధ్రం చేయండి. ఫోన్ మైకుని ఆ రంధ్రానికి ఒక వైపు నుంచి ఆనించి, చుట్టూ టేపుతో గాలి పోకుండా అంటించండి. రెండో వైపు హెడ్‌ఫోన్ కప్పుని, రంధ్రం ప్యాడ్‌కి సరిగ్గా నడుమ పడేట్టు బోర్లించి, పైన ఒక పుస్తకం బరువు పెట్టండి. ఏ కప్పుకైనా అదే పుస్తకం ఉండాలి.

ప్లే చేయాల్సింది పాట కాదు, పింక్ నాయిస్, అంటే అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసిన వాన హోరు లాంటి శబ్దం. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పింక్ నాయిస్ తయారుచేసి, హై పాస్ ఫిల్టర్ (కింది శబ్దాల్ని కోసేది) 500 హెర్ట్జ్, లో పాస్ ఫిల్టర్ (పైశబ్దాల్ని కోసేది) 2000 హెర్ట్జ్ దగ్గర, రెండూ ఆక్టేవ్‌కి 24 డెసిబెల్స్ చొప్పున పెట్టండి. బేస్ తీసేయడానికి కారణం ఉంది. అట్ట మీద ప్యాడ్ సందు ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది కాబట్టి బేస్ అంకె నిలకడగా ఉండదు. ఫోన్లో సౌండ్ మీటరు యాప్ చూపే డెసిబెల్స్ నిజానికి సరిగ్గా ఉండనక్కర్లేదు, తేడా సరిగ్గా తెలిస్తే చాలు. కప్పుని ఎత్తి మళ్లీ పెడుతూ మూడుసార్లు చూసి సగటు తీయండి. అర డెసిబెల్ లోపు సమం కావాలి. నాబు తిప్పి గుర్తు పెట్టుకోవడం కన్నా, సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో హెడ్‌ఫోన్స్‌కి ఒక్కో గెయిన్ అంకె (శబ్దం ఎంత పెంచాలో, తగ్గించాలో చెప్పేది) రాసుకుని మార్చుకోవడం నయం. నాబు చేతికి ఎప్పుడూ రెండుసార్లు ఒకేచోట ఆగదు.

వినే స్థాయి మామూలు మాటల కన్నా కొంచెం ఎక్కువ ఉంటే చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి సూచించిన హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. ఎడిటింగే వృత్తైతే ఆ 40 గంటలూ ఇట్టే అయిపోతాయి.

ఏం వినాలి, ఎలా వినాలి

ముందు హెడ్‌ఫోన్స్ ఆరోగ్యంగా ఉన్నాయో లేదో చూడాలి. అరువు తెచ్చినవైతే మరీ. 20 నుంచి 200 హెర్ట్జ్ దాకా మెల్లగా పైకి పోయే టోను పెట్టి ఒక్కో చెవి విడివిడిగా వినండి. ఎక్కడైనా గరగరమంటే నూటికి తొంభై వంతులు డ్రైవరు పాడవలేదు, ప్యాడ్ కింద వెంట్రుక చేరి డయాఫ్రమ్‌కి, అంటే డ్రైవరులో కంపించే పొరకి, తగులుతోంది. ప్యాడ్ తీసి, ట్వీజర్‌తో మెల్లగా లాగేస్తే పోతుంది. గాలి ఊదే సీసాలతో కొట్టొద్దు, పలచని డయాఫ్రమ్ సొట్ట పడుతుంది.

తర్వాత మోనో, అంటే రెండు చెవులకీ ఒకే శబ్దం వెళ్లే, పింక్ నాయిస్. సరిగ్గా నడినెత్తిన వినిపించాలి. ఒక పక్కకి ఒరిగితే హెడ్‌ఫోన్స్‌ని ఎడమ కుడి మార్చి పెట్టుకోండి. ఒరుగు కూడా పక్క మారితే తప్పు హెడ్‌ఫోన్స్‌దో, సోర్సుదో. అదే పక్కన ఉండిపోతే చెవిలో గుబిలి ఉందేమో, లేదా ఆ వైపు ప్యాడ్ కుదరలేదేమో చూసుకోండి.

ఇక అసలు వినికిడి. మన పనికి సినిమా పాటల కన్నా మీరే రికార్డు చేసిన పొడి గొంతు పదిరెట్లు మేలు, ఎందుకంటే అసలు గొంతు ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఒక మగ గొంతు, ఒక ఆడ గొంతు, ఎఫెక్ట్స్ ఏమీ లేకుండా, అర నిమిషం చొప్పున రికార్డు చేయండి. "సింగరాయకొండ స్టేషన్లో సామాను సర్దుకుని సోమశిల చేరేసరికి సాయంత్రమైంది" లాంటి వాక్యం చదివించండి. స, శ, చ అక్షరాల సూది శబ్దం ఎక్కువగా 5 నుంచి 9 వేల హెర్ట్జ్ మధ్య ఉంటుంది. ఈ వాక్యంలో అది చెవిని గుచ్చితే ఆ మోడల్‌కి అక్కడ ఎత్తు ఉన్నట్టు. "పొదిలి పొగాకు బేళ్లు పెన్న ఒడ్డుకి పోయాయి" అని ఇంకోటి. ప, బ, పొ దగ్గర మైకు మీద పడే గాలి దెబ్బ కింది బేస్‌లో ఉంటుంది. అది ఒక మోడల్‌లో తెలిసి, ఇంకో మోడల్‌లో తెలియకపోతే, తెలియనిది మానిటరింగ్‌లో మీకు నష్టం చేస్తుంది.

వాద్యాలకి డప్పు, మృదంగం, సన్నాయి చాలు. డప్పు దెబ్బకీ దెబ్బకీ మధ్య నిశ్శబ్దం శుభ్రంగా ఉండాలి. చౌక క్లోజ్డ్ బ్యాక్‌లలో కప్పు ప్లాస్టిక్ కూడా మోగి దెబ్బ వెనక ఒక తోక మిగులుతుంది. మృదంగంలో తొప్పి వైపు గుమ్మనడం, వలంతల వైపు గలగలమనడం విడివిడిగా తెలియాలి. సన్నాయి మాత్రం 1 నుంచి 4 వేల హెర్ట్జ్ మధ్య ఎగుడుదిగుడుల్ని బయటపెడుతుంది. ఒక స్వరం ముందుకి దూకి పక్క స్వరం వెనక్కి పోతే ఊదినవారి తప్పో హెడ్‌ఫోన్స్ తప్పో రెండో మోడల్‌లో వింటే తెలిసిపోతుంది.

ఒక్కో ముక్క 20 నుంచి 30 సెకన్లు ఉంటే చాలు, లూప్‌లో పెట్టండి. శబ్దం జ్ఞాపకం ఎక్కువసేపు నిలవదు కాబట్టి మార్చుకోవడం ఐదారు సెకన్లలో అయిపోవాలి. మొదటిది, రెండోది, మళ్లీ మొదటిది, ఈ వరసలో వినండి. చెవి అలవాటు పడిపోతే ఏ లోపమూ లోపంలా తోచదు, అందుకే పావుగంటకోసారి ఐదు నిమిషాలు మౌనంగా కూర్చోండి. ఇద్దరు వింటుంటే ఎవరిది వారు కాగితం మీద రాసుకున్నాకే మాట్లాడుకోవాలి. ముందు నోరు విప్పినవారి అభిప్రాయమే రెండోవారి చెవికి కూడా వినిపిస్తుంది.

ఇన్ని పరీక్షల్లోకీ మాకు గట్టి నమ్మకం ఉన్నది ఆఖరిదాని మీద. అదే పొడి గొంతుని, అదే తంబూర ట్రాకుని తీసుకుని, ఒక్కో హెడ్‌ఫోన్స్ మీద పది నిమిషాలు మాత్రమే ఈక్వలైజరు, లెవెల్సు సరిచేసి వేరువేరు ఫైళ్లుగా సేవ్ చేయండి. మర్నాడు వాటిని ఫోన్ స్పీకరు మీద, కారులో, టీవీ మీద వినండి. ట్రెబుల్ ఎత్తి చూపే మోడల్ మీద చేసిన మిక్స్‌లో మీరు పైశబ్దాన్ని కోసేసి ఉంటారు, బయట అది మొద్దుగా ఉంటుంది. బేస్ పెంచి చూపే మోడల్ మీద చేసింది బయట పలచగా, సన్నగా ఉంటుంది. ఏ మోడల్ మీద చేసింది మూడుచోట్లా తక్కువ మారిందో అదే మీకు మానిటర్. వినడానికి ఏది ఇంపుగా ఉందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

బయటి గోల లోపలికి, లోపలి క్లిక్కు మైకులోకి

ఏ క్లోజ్డ్ బ్యాక్ అయినా పైశబ్దాల్ని బాగా ఆపుతుంది, కింది గుయ్యిని తక్కువ ఆపుతుంది. కుక్కరు విజిల్ మెత్తబడుతుంది, వీధిలో జనరేటరు మోత మాత్రం మిగులుతుంది. సెన్‌హైజర్ హెచ్‌డీ 280 ప్రోకి కంపెనీ 32 డెసిబెల్స్ దాకా అని చెబుతుంది. అది గరిష్ఠం, అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా అంత ఉండదు.

మైకులోకి పోయే లీకుకి అసలైన పరీక్ష ఇలా. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మైకుకి 20 సెంటీమీటర్ల దూరంలో నిలబడండి. డబ్బింగ్ చెప్పేటప్పుడు పెట్టుకునే వాల్యూములోనే క్లిక్ ట్రాక్ (తాళం కోసం టిక్ టిక్‌మనే ట్రాకు) నడిపి, నోరు మూసుకుని అర నిమిషం రికార్డు చేయండి. ఆ ఫైలుని 20 డెసిబెల్స్ పెంచి వినండి. క్లిక్కు గది చప్పుడులో కలిసిపోతే సరే. టిక్ టిక్‌మని విడిగా తెలిస్తే ముందు పదునైన క్లిక్ బదులు మెత్తటి శబ్దం పెట్టి చూడండి. పాడేవారు ఒక చెవి మీద నుంచి కప్పు పక్కకి జరిపే అలవాటున్నవారైతే ఏ మోడల్ తెచ్చినా లీకు ఆగదు. ట్రాకుని మూసిన చెవి వైపే పాన్ చేయాలి, అంటే శబ్దాన్ని ఆ పక్కకే పంపాలి.

తల, చెవి, చెమట

మన కోస్తా ఎండల్లో ఈ పరీక్ష ఏసీ గదిలో చేస్తే ఉపయోగం లేదు. టేక్ తీసేటప్పుడు ఫ్యాను, ఏసీ రెండూ ఆపేస్తాం కదా, అలాగే ఆపి, గంటసేపు తీయకుండా పెట్టుకోండి. 5 నిమిషాలకి, 20కి, 60కి ఎక్కడ ఒత్తుతోందో రాయండి. నడినెత్తిన నొప్పైతే హెడ్‌బ్యాండ్ స్పాంజి చాలట్లేదు. చెవి కింద దవడ కీలు దగ్గరైతే బిగింపు ఎక్కువ. చెవి లోపలి మడత నొప్పి పెడితే ప్యాడ్ లోతు చాలక చెవి డ్రైవరు గుడ్డకి తగులుతోంది. మూడోదానికి లోతైన ప్యాడ్ తప్ప మందు లేదు.

బిగింపుని అంకెలో కూడా పట్టుకోవచ్చు. 15 సెంటీమీటర్ల మందం వచ్చేట్టు పుస్తకాలు పేర్చి, హెడ్‌ఫోన్స్‌ని వాటికి తొడగండి. లగేజి తూచే కొక్కెం త్రాసుని ఒక కప్పుకి దారంతో కట్టి పక్కకి లాగండి. ప్యాడ్ పుస్తకాన్ని వదిలే క్షణంలో ఎన్ని గ్రాములుందో చూడండి. 500 గ్రాముల చుట్టుపక్కల ఉంటే ఎక్కువమందికి సమ్మతం. 700 దాటితే కళ్లద్దాలవాళ్లకి గంట కష్టం. 300 లోపైతే తల వంచినప్పుడు జారి, సందు ఏర్పడి, బేస్ పోతుంది. లోహపు హెడ్‌బ్యాండ్ బిగుతుగా ఉంటే రాత్రంతా తల కన్నా ఒక సెంటీమీటరు ఎక్కువ మందం మీద ఉంచితే కొంత వదులవుతుంది. ప్లాస్టిక్ బ్యాండ్‌తో ఆ పని చేయొద్దు, విరుగుతుంది.

రెగ్జిన్ ప్యాడ్ గాలిని బాగా ఆపుతుంది, కాబట్టి బేస్ నిలుస్తుంది, చెమటా నిలుస్తుంది. డీటీ 770 ప్రోకి ఉండే వెల్వెట్ లాంటి మెత్తటి గుడ్డ ప్యాడ్ చెమట పీల్చుకుంటుంది, వేసవిలో దాని హాయి తేలిగ్గా తెలుస్తుంది. చెమట పట్టిన ప్యాడ్‌ని ఒక పూట నీడలో ఆరబెట్టాల్సిందే, డబ్బాలో పెట్టేస్తే బూజు వాసన పట్టేస్తుంది.

నాలుగు మోడల్స్ గురించి నాలుగు మాటలు

సోనీ ఎండీఆర్-7506 1991 నుంచి ఉంది. 40 మిల్లీమీటర్ల డ్రైవరు, 63 ఓమ్స్, 230 గ్రాములు. ట్రెబుల్ ఎత్తుగా ఉంటుంది. గొంతులోని నోటి చప్పుళ్లు, ఎడిటింగ్ అతుకులు పట్టుకోవడానికి దీనికి మించింది ఈ ధరలో మేం చెప్పలేం. మిక్సింగ్‌కి మాత్రం జాగ్రత్త. ప్యాడ్స్ పలచన, మెలికల కేబుల్ ఊడదు. ఏటీహెచ్-ఎం50ఎక్స్ 45 మిల్లీమీటర్లు, 38 ఓమ్స్, 285 గ్రాములు. బేస్ కాస్త ముందుంటుంది, కేబుల్ ఊడదీసి మార్చుకోవచ్చు. డీటీ 770 ప్రో తల మీద అన్నిటికన్నా హాయి, కింది బేసూ పైన తళుకూ రెండూ ఎక్కువ. ఇంటర్‌ఫేసు మీదైతే 80 ఓమ్స్ తీసుకోండి. హెచ్‌డీ 280 ప్రో బిగింపు గట్టిది, కానీ మైకు ముందు లీకు తక్కువ.

సోనీ, ఆడియో టెక్నికా మోడల్స్‌కి నకిలీలు ఎక్కువ. మార్కెట్ ధరలో సగానికి దొరికిందంటే అనుమానించండి. కొన్నాక అయినా అట్ట పరీక్షలో రెండు కప్పుల మధ్య 2 డెసిబెల్స్ పైన తేడా వస్తే వెనక్కి ఇచ్చేయండి.

ప్యాడ్స్ మారిస్తే

రెగ్జిన్‌ని చంపేవి రెండు: తేమ గాలి, తలకి రాసిన కొబ్బరినూనె. నూనె తలతో పెట్టుకుంటే పొర గట్టిపడి, పగిలి, నల్లటి పొట్టు చెవి మీద రాలుతుంది. వాడిన ప్రతిసారీ పొడి నూలుగుడ్డతో తుడవండి, స్పిరిట్ వాడొద్దు. పొర బాగానే ఉన్నా లోపలి స్పాంజి కుంగితే చెవి డ్రైవరుకి దగ్గరవుతుంది, శబ్దం మారుతుంది. మార్చేటప్పుడు అదే కంపెనీ అసలు ప్యాడ్సే కొనండి. వేరే రకం మందం, వేరే గుడ్డ వేస్తే బేస్, ట్రెబుల్ రెండూ కదులుతాయి, అప్పుడు అది మీరు పోల్చి ఎంచుకున్న హెడ్‌ఫోన్స్ కాదు. కొత్తవి వచ్చాక ఒక వైపు కొత్త ప్యాడ్, ఒక వైపు పాతది తొడిగి మోనో పింక్ నాయిస్ వినండి. రెండు చెవుల్లో శబ్దం రంగు వేరుగా ఉంటే పాత ప్యాడ్ పని అయిపోయినట్టే. రెండు వైపులా కొత్తవి వేసి, 50 హెర్ట్జ్ పరీక్ష, అట్ట పరీక్ష మళ్లీ చేసి, ఆ గెయిన్ అంకెని పాతదాని స్థానంలో రాసుకోండి.